ఫ్యామిలీ డాక్టరా, జబ్బుకో స్పెషలిస్టా? గోదావరి జిల్లాల వాళ్ళకి నా సలహా

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను, కారణాలు తర్వాత తీరిగ్గా చదువుకోండి. ఇంట్లో షుగరో బీపీయో ఉన్న మనిషి ఉన్నా, అరవై దాటిన అమ్మానాన్నలు ఉన్నా, మొదట కుదుర్చుకోవాల్సింది ఇంటికి దగ్గర్లో ఒక మంచి జనరల్ డాక్టరుని. గుండెకి, కిడ్నీకి, నరాలకి, ఎముకలకి ఎవరి దగ్గరికి వెళ్ళాలన్నా ఆయన్ని అడిగి వెళ్ళాలి, వెళ్ళొచ్చాక ఆ కాగితాలు తెచ్చి మళ్ళీ ఆయనకే చూపించాలి. దీనికి మినహాయింపులు ఉన్నాయి, అవి ప్రాణం మీదికి వచ్చేవి. వాటి గురించి కింద విడిగా రాశాను, మిగతాది చదివే ఓపిక లేకపోయినా అది చదవండి.

మా డెల్టాలో ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. పాలకొల్లులోనో రాజోలులోనో మండపేటలోనో బజారుకొక ఎంబీబీఎస్ డాక్టరు గారు ఉండేవారు, తాతకి ఆయాసమైనా మనవడికి గవదబిళ్ళలైనా ఆయనే. ఇప్పుడు భీమవరం, అమలాపురం, తణుకు లాంటి ఊళ్ళలో కూడా గుండెకి, నరాలకి వేర్వేరు బోర్డులు. అక్కడ కుదరకపోతే రాజమండ్రి దానవాయిపేట, కాకినాడ, ఏలూరు, ఇంకా పెద్ద కేసైతే విజయవాడ సూర్యారావుపేట. కారు మాట్లాడుకుంటే పొద్దున్నే వెళ్ళి రాత్రికి ఇంటికొచ్చి పడొచ్చు. దానికి తోడు పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉండి "నాన్నా, డబ్బుల గురించి చూడకు, మంచి స్పెషలిస్టుకి చూపించుకో" అని ఫోన్లో చెబుతారు. ప్రేమతోనే చెబుతారు. కానీ ఏ స్పెషలిస్టు అన్నది నాన్నే తేల్చుకోవాలి కదా, అక్కడే వచ్చింది చిక్కంతా.

కళ్ళు తిరుగుతున్నాయనుకోండి. అది చెవి డాక్టరు చూడాల్సిందా, నరాల డాక్టరు చూడాల్సిందా, గుండెదా, మెడ ఎముకలదా, రక్తం తక్కువై వచ్చిందా, షుగర్ పడిపోయి వచ్చిందా? స్పెషలిస్టు దగ్గరికి నేరుగా వెళ్ళడం అంటే మన జబ్బేంటో సగం మనమే తేల్చేసి వెళ్ళడం. తప్పు గుమ్మం ఎక్కితే ఆయన తన శాస్త్రం ప్రకారం అన్నీ చూసి, అన్ని టెస్టులూ చేయించి, "మా వైపు నుంచి ఏమీ లేదండి" అంటారు. ఆయన అన్నది నూటికి నూరుపాళ్ళూ నిజమే. మన కళ్ళు మాత్రం తిరుగుతూనే ఉంటాయి.

మా పెదనాన్నగారి సంగతి ఇలాగే జరిగింది. ఆచంట దగ్గర ఊరు, డెబ్బై దాటిన మనిషి, బీపీ ఎప్పట్నుంచో ఉంది. పొద్దున్నే మంచం మీంచి లేవగానే తూలడం మొదలైంది. చెవుల డాక్టరుకి చూపించారు, మెడకి పట్టీ కట్టించారు, తలకి ఎమ్మారై కూడా తీయించారు, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. చివరికి పాలకొల్లులో పాత జనరల్ డాక్టరు గారు ఒకరు మందులన్నీ సంచితో సహా తెమ్మన్నారు. స్ట్రిప్పులన్నీ బల్ల మీద పరిచి ఒక్కోటీ తిప్పి చూస్తూ ఒక దాని దగ్గర ఆగారు.

"ఇదెవరు రాశారండీ?"

"ఆయ్, మూత్రం డాక్టరు గారండి. రాత్రిళ్ళు మాటిమాటికీ లేవాల్సి వస్తోందంటే రాశారండి."

"ఎన్నాళ్ళయింది?"

"రెండు నెలలవుతుందండి."

"మరి ఈ తూలడం?"

పెదనాన్న ఒక్క క్షణం ఆలోచించి, "ఆయ్, అదీ అప్పట్నుంచేనండి" అన్నారు.

డాక్టరు గారు పెదనాన్నని పడుకోబెట్టి బీపీ చూశారు, తర్వాత నిలబెట్టి ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్ళీ చూశారు. నిలబడేసరికి బాగా పడిపోయింది. ప్రొస్టేట్‌కి ఇచ్చే టామ్సులోసిన్ లాంటి మందులకి ఆ గుణం ఉంది, లేచి నిలబడినప్పుడు బీపీని దింపుతాయి, అప్పటికే బీపీ బిళ్ళ వేసుకునే పెద్దవాళ్ళలో ఇంకాస్త ఎక్కువ దింపుతాయి. యూరాలజిస్టు రాసింది తప్పు మందు కాదు. బీపీ మందు రాసినాయనదీ తప్పు కాదు. ఆ రెండు చీటీలూ ఒకే బల్ల మీదికి చేరకపోవడమే తప్పు. నేను జనరల్ డాక్టరు కావాలంటున్నది ముఖ్యంగా ఈ బల్ల కోసం.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి, మీ ఇంట్లో చీటీలు ముందు పెట్టుకుని చదవండి. రామిప్రిల్, ఎనలాప్రిల్ రకం బీపీ మందులు కొందరికి పొడి దగ్గు తెప్పిస్తాయి, ఆ దగ్గు పట్టుకుని ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి, ఎలర్జీ డాక్టరు దగ్గరికి తిరిగేవాళ్ళు ఉన్నారు. అమ్లోడిపిన్ అనే బీపీ మందు వేసుకునే కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. మన వైపు కాలు వాచిందంటే బోదకాలు భయం ఎలాగూ ఉంటుంది, ఆ తర్వాత కిడ్నీ భయం, ఆ తర్వాత గుండె భయం, వరసగా మూడు చోట్ల టెస్టులు. షుగర్ బిళ్ళ మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వేసుకుంటే బీ12 విటమిన్ తగ్గి అరికాళ్ళలో తిమ్మిర్లు రావచ్చు. షుగర్ వల్ల వచ్చే తిమ్మిర్లు కూడా అచ్చం అలాగే ఉంటాయి కాబట్టి రక్తపరీక్ష చేయిస్తే గానీ తేలదు.

అన్నిటికంటే నాకు భయం వేసేది మోకాళ్ళ నొప్పుల బిళ్ళలు. నాట్లు, కోతలు చేసిన మోకాళ్ళు కదా, యాభై దాటేసరికి ఇంటికొకరు డైక్లోఫెనాకో ఎసిక్లోఫెనాకో వాడుతూనే ఉంటారు, కొందరు డాక్టరుని అడక్కుండా మందుల షాపులో ఖాళీ స్ట్రిప్పు చూపించి మరీ తెచ్చుకుంటారు. అదే మనిషి టెల్మీసార్టాన్ లాంటి బీపీ మందు, దానితో పాటు నీరు తీసే మాత్ర కూడా వేసుకుంటుంటే, ఈ మూడూ కలిసి కిడ్నీని దెబ్బతీసే ప్రమాదం ఉంది. ఎండాకాలంలో చెమట పట్టి, నీళ్ళు సరిగ్గా తాగకపోయినా, నాలుగు విరేచనాలు అయినా ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. గుండెకి స్టెంటు వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళు పైన ఈ నొప్పి బిళ్ళలు కూడా వేస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. మోకాలి కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్ తర్వాత కొన్నాళ్ళు షుగర్ పెరుగుతుంది, ఆ సంగతి షుగర్ డాక్టరుకి తెలియక ఆయన డోసు పెంచేస్తారు. ఇక ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండు చీటీల్లో ఉండటం సర్వసాధారణం. గ్యాస్ బిళ్ళయితే ప్రతి స్పెషలిస్టూ ఒకటి రాస్తారు, నాలుగు పేర్లతో నాలుగు పాంటొప్రజోల్‌లు వేసుకునే అమ్మమ్మలు ఉన్నారు. ఇది చదివి రేపటి నుంచి ఏ మందూ మీ అంతట మీరు మానేయకండి, ముఖ్యంగా స్టెంటు మందులు. చీటీలు పట్టుకెళ్ళి అడగండి చాలు.

బోర్డు మీద అక్షరాలు

ఎంబీబీఎస్ అంటే నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ. ఆపైన మూడేళ్ళు చదివితే ఎండీ జనరల్ మెడిసిన్. దానిపైన ఇంకో మూడేళ్ళు చదివితే డీఎం, అప్పుడు కార్డియాలజిస్టు (గుండె), న్యూరాలజిస్టు (నరాలు), నెఫ్రాలజిస్టు (కిడ్నీ) అవుతారు. ఆపరేషన్ల వైపు అయితే ఎంఎస్, ఆపైన ఎంసీహెచ్. అంటే గుండె డాక్టరు గారు కూడా జనరల్ మెడిసిన్ చదివే వచ్చారు. ఆయన తెలివి మీద నాకు ఏ అనుమానమూ లేదు, ఆయన దగ్గర టైమే లేదు. బయట అరవై మంది కూర్చుంటే మీ మోకాళ్ళ సంగతి ఆయనెందుకు అడుగుతారు?

ఫ్యామిలీ మెడిసిన్ అనే పీజీ విడిగా ఉంది గానీ మన జిల్లాల్లో అది చదివినవాళ్ళు అరుదు. కాబట్టి ఫ్యామిలీ డాక్టరు అని నేను అంటున్నది డిగ్రీ చూసి కాదు, చేసే పని చూసి. ఎండీ జనరల్ మెడిసిన్ అయితే మేలు, ముఖ్యంగా షుగర్, బీపీ, థైరాయిడ్, ఆయాసం లాంటివి రెండు మూడు కలిసి ఉన్న మనిషికి. అలాంటివారు దగ్గర్లో లేకపోతే అనుభవం ఉన్న ఎంబీబీఎస్ డాక్టరు కూడా చాలు, తనకి తెలియనిది తెలియదని చెప్పే మనిషైతే.

డాక్టరు డిగ్రీ లేకుండా ఊళ్ళో వైద్యం చేసే ఆర్‌ఎంపీ సంగతి వేరు. ఊళ్ళో అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనే, ఆ మేలు కాదనలేం. కానీ ఆయన ఫ్యామిలీ డాక్టరు కాదు. నీరసంగా ఉందంటే సెలైన్ పెట్టడం, జ్వరం వస్తే మొదటి రోజే యాంటీబయాటిక్ ఇంజక్షన్ చేయడం, ఒళ్ళు నొప్పులకి స్టెరాయిడ్ కలిపి ఇవ్వడం, ఇవన్నీ అప్పటికి హాయిగానే ఉంటాయి. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకీ ఊరికే ఎక్కించే సెలైన్ ఆయాసం తెప్పించి ఆసుపత్రికి చేరుస్తుంది. పైగా పెద్దాసుపత్రికి ఎవర్ని పంపాలన్నా ఏ ఆసుపత్రికి పంపాలన్నది కొన్నిచోట్ల కమీషన్‌ని బట్టి నడుస్తుంది, ఈ మాట మా వైపు ఎవరిని అడిగినా చెబుతారు. 2002లో మెడికల్ కౌన్సిల్ తెచ్చిన నియమావళి ప్రకారం డాక్టర్లు రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, తీసుకోవడం రెండూ తప్పే. ఆర్‌ఎంపీ అసలు ఆ కౌన్సిల్ డాక్టర్ల రిజిస్టర్లోనే ఉండడు కనుక ఆయన్ని అడిగేవాడు లేడు.

సర్కారీ దారి కూడా ఒకటుంది. 2023 ఏప్రిల్లో రాష్ట్రమంతటా ఫ్యామిలీ డాక్టర్ అనే పేరుతోనే ఒక కార్యక్రమం మొదలైంది, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరు 104 బండితో ఊరికి వచ్చి అక్కడే చూసి మందులిచ్చే పద్ధతి. ప్రభుత్వాలు మారితే పేర్లు మారతాయి గానీ ఊళ్ళో క్లినిక్కులో బీపీ, షుగర్ చూడటం, నెలనెలా మందులివ్వడం మీ ఊళ్ళో బాగా జరుగుతుంటే వాడుకోండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. నా ఫిర్యాదల్లా డాక్టర్లు మారిపోతుంటారన్నదే. ఈసారి చూసినాయన వచ్చేసారికి ఉంటారో లేదో చెప్పలేం, మరి నేను ఇంతసేపూ చెబుతున్నది ఒకే మనిషి చూడాలనే కదా.

ఒకే మనిషి చూడటం వల్ల ఒరిగేదేమిటని అడిగేవాళ్ళకి నార్వే సంగతి చెబుతాను. అక్కడ ప్రతి మనిషికీ ఒక ఫ్యామిలీ డాక్టరు రాసిపెట్టి ఉంటారు, ఆ రికార్డులు లక్షల్లో ఉన్నాయి. 2022లో అచ్చయిన పరిశోధనలో పదిహేనేళ్ళకి పైగా ఒకే డాక్టరు దగ్గర ఉన్నవాళ్ళని, ఏడాదే ఉన్నవాళ్ళతో పోల్చారు. పాత డాక్టరు ఉన్నవాళ్ళు ఆసుపత్రిలో అర్జెంటుగా చేరే అవకాశం, ఆ ఏడాదిలో చనిపోయే అవకాశం సుమారు పాతిక నుంచి ముప్ఫై శాతం తక్కువగా కనిపించాయి. నార్వే పాలకొల్లు కాదని నాకూ తెలుసు. కానీ ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి ఈసారి మాట తడబడుతూ వచ్చాడని గుర్తుపట్టాలంటే ఇదివరకు చూసి ఉండాలి, అది ఏ దేశమైనా ఒకటే.

నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళాల్సినవి

ఇక్కడ ఫ్యామిలీ డాక్టరు కోసం సాయంత్రం ఓపీ దాకా ఆగితే మనిషి దక్కడు.

గుండెల్లో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో లాగే నొప్పి. గ్యాస్ అని ఈనో తాగి పడుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్ళకి నొప్పే ఉండకపోవచ్చు, ఊరికే చెమట, ఆయాసం, నీరసం మాత్రమే రావచ్చు. 108కి ఫోన్ చేసి, ముందు ఈసీజీ ఎక్కడ దగ్గరైతే అక్కడ తీయించాలి.

మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం. రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజక్షన్, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు పడాలి, అదీ సీటీ స్కాన్ చూశాకే. అంటే వెళ్ళాల్సింది సీటీ స్కానూ, ఆ ఇంజక్షనూ రెండూ ఉన్న ఆసుపత్రికి. మన జిల్లాల్లో ఇప్పటికీ ముందు పసరు మందుకి తీసుకెళ్ళేవాళ్ళున్నారు. ఆ నాలుగున్నర గంటలూ దారిలోనే అయిపోతాయి. లంక గ్రామాల వాళ్ళయితే ఈ లెక్క ముందే వేసుకుని ఉండాలి. సఖినేటిపల్లి నుంచి నరసాపురం రావాలంటే వశిష్ఠ పాయ మీద పంటు (బల్లకట్టు) ఉందా లేదా, రాత్రిపూట ఎటు తిరిగి రావాలి, 2022 జూలై లాంటి వరద వస్తే కాజ్‌వే మునిగాక ఎటు? ఇంట్లో గుండె జబ్బు మనిషో నెలలు నిండిన గర్భిణో ఉంటే గోదావరి ఎరుపెక్కే రోజులకి ముందే గట్టున ఉన్న చుట్టాలింట్లో దింపడం మంచిది.

పాము కాటుకి ప్రైవేటు స్పెషలిస్టుని వెతకక్కర్లేదు, దగ్గర్లోని ప్రభుత్వ ఏరియా ఆసుపత్రికో సీహెచ్‌సీకో (సామాజిక ఆరోగ్య కేంద్రం) వెళ్ళండి, విరుగుడు ఇంజక్షన్ అక్కడ ఉంటుంది. తాడు బిగించి కట్టొద్దు, గాటు పెట్టొద్దు, కాలు కదపకుండా తీసుకెళ్ళాలి. మన చేలల్లో తిరిగే తాచుకీ కట్లపాముకీ రక్తపింజరికీ ఒకటే విరుగుడు మందు పని చేస్తుంది, పాముని చంపి సంచిలో వేసుకుని పరిగెత్తాల్సిన పని లేదు.

ఒక్కసారిగా చూపు పోయినా, మలంలో గానీ దగ్గులో గానీ రక్తం పడినా, రొమ్ములో గడ్డ తగిలినా, కారణం లేకుండా మనిషి చిక్కిపోతున్నా వాయిదా వేయొద్దు. గర్భిణికి మొదటి నుంచీ గైనకాలజిస్టే. పసిపిల్లలకి పిల్లల డాక్టరే ఫ్యామిలీ డాక్టరు. బతకాలని లేదన్న మాట ఇంట్లో ఎవరి నోటైనా వస్తే అదే రోజు సైకియాట్రిస్టు, చుట్టాలు ఏమనుకుంటారన్నది తర్వాత సంగతి.

స్పెషలిస్టే కావాల్సిన చోట

జనరల్ డాక్టర్లని ఇంత పొగిడాను కాబట్టి వాళ్ళ జబ్బు కూడా చెప్పాలి. కొందరు పేషెంటుని వదలరు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఆర్నెల్లుగా మెల్లగా పెరుగుతున్నా "చూద్దాంలెండి" అంటారు. ఇన్సులిన్ మొదలుపెట్టాల్సిన దశలో బిళ్ళల మీద బిళ్ళలు చేరుస్తారు. షుగర్ ఉన్నవాళ్ళకి ఏడాదికోసారి కంటి వెనక పొర (రెటీనా) చూపించాలి, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూడాలి, పాదాలకి స్పర్శ ఉందో లేదో చూడాలి. మూడు నెలల షుగర్ అనే హెచ్‌బీఏ1సీ పరీక్ష అదుపులో లేనివాళ్ళకి మూడు నెలలకి, ఉన్నవాళ్ళకి ఆర్నెల్లకి. మీ డాక్టరు గారు ఏడాది పొడుగునా ఇవేవీ అడక్కుండా పొద్దుటి షుగర్ ఒక్కటే చూసి చీటీ తిరగరాసి ఇస్తుంటే, ఆయన హస్తవాసి ఎంత మంచిదైనా సరే, మార్చండి.

స్టెంటు వేసినవాళ్ళు గుండె డాక్టరుని, కిడ్నీ సగం దెబ్బతిన్నవాళ్ళు నెఫ్రాలజిస్టుని, ఫిట్స్ ఉన్నవాళ్ళు న్యూరాలజిస్టుని వదలకూడదు. క్యాన్సరుకి మొత్తం నడిపించేది క్యాన్సర్ డాక్టరే. వీళ్ళకి కూడా జ్వరానికీ దగ్గుకీ ఊళ్ళో ఒకరు కావాలి. దగ్గు మందు కోసం విజయవాడ వెళ్ళలేరు కదా.

ఆపరేషన్ మాట వచ్చినప్పుడు మాత్రం జనరల్ డాక్టరు విలువ పదింతలు అవుతుంది, ఎందుకంటే ఆ ఆపరేషన్ చేస్తే ఆయనకి వచ్చేదేమీ లేదు. గర్భసంచి తీయించడం ఒక్కటి చూడండి. దేశంలో ఈ ఆపరేషన్ ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. ముప్ఫై అయిదేళ్ళ అమ్మాయికి తెల్లబట్ట అవుతోందనో నెలసరి ఎక్కువగా ఉందనో చెబితే, "పిల్లలు పుట్టేశారుగా, తీయించేస్తే పోతుంది, తర్వాత క్యాన్సర్ వస్తే కష్టం" అని భయపెట్టే చోట్లు ఉన్నాయి. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు తొందరగా గుల్లబారతాయి, ఒంట్లో వేడి ఆవిర్లూ నిద్ర పట్టకపోవడం అన్నీ ముందే మొదలవుతాయి. ఇలాంటి సలహా వచ్చినప్పుడు స్కానింగ్ కాగితం పట్టుకుని ముందు మీ డాక్టరు గారి దగ్గరికి రండి, ఆయన చెప్పిన ఇంకో గైనకాలజిస్టుకి చూపించండి, మందులతో తగ్గే దారి ఉందేమో అడగండి. మోకాలి మార్పిడికీ వెన్ను ఆపరేషన్‌కీ ఇదే పద్ధతి. ఆపరేషన్ నిజంగా అవసరమని తేలితే అప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ, అంటే 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే, దాని కింద ఆ ఆసుపత్రిలో ఆ చికిత్స ఉందో లేదో అడ్వాన్సు కట్టకముందే కౌంటరులో కనుక్కోండి.

డబ్బు లెక్క పెద్దగా చెప్పను, మీకు తెలిసిందే. స్పెషలిస్టు ఫీజు ఎక్కువన్నది అసలు సమస్య కాదు. కారు బాడుగ, తోడు వచ్చిన మనిషి కూలి పోవడం, ప్రతి ఆసుపత్రీ బయట టెస్టులు నమ్మకుండా మళ్ళీ అన్నీ చేయించడం, అవి కలిపితే ఫీజు మూలకి కూడా రాదు. మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీలంటే నాకు మొదట్నుంచీ గిట్టదు. ఆ ఫైలు తెచ్చి అల్మారాలో పెట్టుకుంటారు గానీ అందులో పక్కన చుక్క గుర్తు ఉన్న నంబరు గురించి మాట్లాడేవాళ్ళు ఎవరూ ఉండరు.

డాక్టరుని ఎంచుకునేటప్పుడు

మొదటి ఓపీలోనే తెలిసిపోతుంది. మీ మందుల సంచి విప్పమని అడిగారా? ఏ మందైనా తీసేశారా, లేక ఉన్నవాటికి ఇంకో రెండు చేర్చారా? చెప్పులు విప్పించి పాదాలు చూశారా? టెస్టు ఎందుకని అడిగితే విసుక్కున్నారా? చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? మందుల షాపు ఆయనదే అయినా ఫరవాలేదు, కానీ బయట కొనుక్కుంటానంటే, జనరిక్ తెచ్చుకుంటానంటే మొహం మారకూడదు. ఫోన్ ఎత్తకపోయినా కాంపౌండరు ద్వారా కబురు అందే డాక్టరైతే చాలు. మరీ ముసలాయన్ని కుదుర్చుకోకండి, ఇంకో పదేళ్ళు ప్రాక్టీసులో ఉండే మనిషిని చూసుకోండి. ఈ మాట అనడానికి మొహమాటంగా ఉంది గానీ నిజం అదే.

స్పెషలిస్టు దగ్గరికి పంపేటప్పుడు ఆయన చేత ఒక కాగితం రాయించుకోండి. ఏం జబ్బులున్నాయి, ఏ మందులు వాడుతున్నారు, మీ దగ్గర తేలాల్సింది ఇదీ అని నాలుగు లైన్లు. అది లేకుండా వెళితే గుండె డాక్టరు దగ్గర మనం పది విషయాలు చెప్పి, అసలు అడగాల్సింది మర్చిపోయి బయటికొస్తాం. ఆసుపత్రిలో చేరి వచ్చినట్లయితే డిశ్చార్జి సమ్మరీతో పాటు రిపోర్టులు కూడా అడిగి తీసుకోండి. ఇందాక చెప్పిన 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి ప్రకారమే రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.

దూరాన ఉన్న పిల్లలకి ఒక్క పని చెబుతాను. అమ్మానాన్నలు వాడే మందులన్నీ, పేరూ డోసూ ఎవరు రాశారూ ఎప్పుడు మొదలైందీ, తెలుగులోనే పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాయించి, దాన్ని ఫోటో తీసి మీ దగ్గర ఉంచుకోండి. కొత్త చీటీ వచ్చినప్పుడల్లా కొత్త ఫోటో. మీకు తెలిసిన స్పెషలిస్టుతో వీడియో కాల్లో మాట్లాడించాలనుకుంటే ముందు ఊళ్ళో డాక్టరు గారితో ఒక మాట చెప్పండి, లేకపోతే ఇక్కడ ఆయనొకటి, అక్కడ ఈయనొకటి చెప్పి నాన్న ఇద్దరివీ సగం సగం వాడతారు. సంక్రాంతికి వచ్చినప్పుడు వాళ్ళని వెంటబెట్టుకుని మొత్తం మందుల సంచితో ఆ జనరల్ డాక్టరు దగ్గరికే ఒకసారి వెళ్ళండి, కాకపోతే భోగికి రెండు మూడు రోజుల ముందే వెళ్ళాలి, పండగ మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల డాక్టరు గారూ దొరకరు, కాంపౌండరూ దొరకడు.